ఫిల్టర్ నడుస్తోంది, చేపలన్నీ బతికే ఉన్నాయి, అమోనియా మాత్రం 4 చూపిస్తోంది

హన్మకొండ ట్యాంక్:

అన్నలూ, కొంచెం చూసి చెప్పండి, మొన్నటి నుంచి ఇదే టెన్షన్. నాది మూడడుగుల ట్యాంక్, రాళ్లు, చెక్క పోను 130 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. ఏంజెల్స్ నాలుగు, సెర్పే టెట్రాల గుంపు, జానెడు దాటిన సక్కర్ ఫిష్ ఒకటి. రెండు స్పాంజ్ ఫిల్టర్లు, పైన ఒక టాప్ ఫిల్టర్. పెట్టి ఏడాది దాటింది, సైకిల్ (చేపలు వదిలే అమోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడం) ఎప్పుడో అయిపోయిన ట్యాంకే. ఈమధ్య ఏంజెల్స్ రెక్కలు ముడుచుకుని ఒక మూలకు నిలబడుతున్నాయని అనుమానం వచ్చి లిక్విడ్ టెస్ట్ కిట్ తెప్పించా. అమోనియా ట్యూబు ముదురు ఆకుపచ్చకు తిరిగింది, కార్డు పక్కన పెడితే 4 పీపీఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు). నైట్రైట్ సున్నా. నైట్రేట్ 80 దగ్గర.

చచ్చిన చేప ఉందేమోనని చెక్క లేపి, ఫిల్టర్ వెనక కూడా చూశా, లెక్క సరిపోయింది. మేత రోజుకు ఒక్కసారే. స్పాంజ్‌లు ట్యాంక్ నీళ్లలోనే పిండుతా, నల్లా కింద ఎప్పుడూ కడగలేదు. వానలకు కరెంటు పోతోంది గానీ ఎయిర్ పంపు ఇన్వర్టర్ మీదే ఉంది. నీళ్ల సంగతి కూడా చెప్తా, మా బోరు నీళ్లు బాగా గట్టివి, గ్లాసు మీద తెల్ల చారలు కడుతున్నాయని పోయిన ఎండాకాలం నుంచి వాటర్ ప్లాంట్ క్యాన్లే వాడుతున్నా. వారానికి రెండు క్యాన్లు తీసి రెండు క్యాన్లు పోయడం, అంతే.

చేపలు పైకొచ్చి గాలి మింగడం లేదు, మేత కూడా తింటున్నాయి. 4 ఉంటే ఈపాటికి చచ్చిపోవాలి కదా? కిట్టే తప్పు చూపిస్తోందా? రేపు ఆదివారం, సగానికి పైగా నీళ్లు తీసేసి బోరు నీళ్లు నింపేద్దామనుకుంటున్నా, అన్ని క్యాన్లు రెండో అంతస్తుకు మోయడం నావల్ల కాదు. చేయొచ్చా?

కాజీపేట గప్పీ:

బ్రో, ఇందులో ఆలోచించేదేముంది, అమోనియా ఎక్కువుంటే నీళ్లు మార్చడమే. 60, 70 శాతం తీసెయ్, బోరు నీళ్లు పొయ్, మేత ఆపు. నా గప్పీలు పుట్టినప్పటి నుంచి బోరు నీళ్లలోనే ఉన్నాయి, పిల్లల మీద పిల్లలు పెడుతున్నాయి. ఆ క్యాన్ నీళ్లలో ఏ సత్తువా ఉండదు. ఇంకోటి, ఇన్వర్టర్ మీద ఎయిర్ పంపు ఉంది సరే, టాప్ ఫిల్టర్ కూడా ఉందా? నాలుగైదు గంటలు కరెంటు లేకపోతే అందులోని బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందక చస్తుంది, మళ్లీ ఆన్ అయినప్పుడు ఆ కుళ్లు నీళ్లన్నీ ట్యాంకులోకే వస్తాయి.

కరీంనగర్ ప్లాంటెడ్:

కరెంటు సంగతి మూతేసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్‌కు బాగా వర్తిస్తుంది, తెరిచి ఉండే టాప్ ఫిల్టర్‌కు అంత కాదు. పైగా రెండు స్పాంజ్‌లు నడుస్తూనే ఉన్నాయి కాబట్టి దాన్ని పక్కన పెట్టొచ్చు.

ముందు రీడింగ్ నిజమో కాదో తేల్చుకో తమ్మీ. అదే క్యాన్ నీళ్లు ఒక ట్యూబులో పోసి అమోనియా టెస్ట్ చెయ్, అది నిమ్మపండు పసుపులో ఉండాలి. అది కూడా ఆకుపచ్చకు తిరిగితే కిట్ పాతదన్నా అయ్యుండాలి, నీళ్లలోనే ఏదో ఉండన్నా ఉండాలి. ట్యూబును టెస్ట్ చేసే నీళ్లతోనే రెండుసార్లు కడిగి, 5 మిల్లీలీటర్ల గీత దాకా నింపి, రెండు సీసాలూ నిలువుగా పట్టుకుని చుక్కలు లెక్కపెట్టి వేసి, 5 నిమిషాలు ఆగి, పగటి వెలుతురులో తెల్ల కాగితం మీద పెట్టి చూడు. ఇంట్లో పసుపు ఎల్ఈడీ కింద చూస్తే సున్నా కూడా 0.25 లాగే ఉంటుంది, దానికే సగం మంది హడలిపోయి పోస్టులు పెడుతుంటారు. కానీ 4ను 0 అనుకునేంత తేడా వెలుతురు వల్ల రాదు, అందుకే నీది నిజం రీడింగే అనిపిస్తోంది.

మొక్కలున్నాయా? ఉంటే ఇసుకలో డీఏపీ గోళీలు, యూరియా గింజలు లాంటివి పెట్టావా? మా దగ్గర చాలా మంది షాపులో రూట్ ట్యాబ్‌లు (మొక్కల వేళ్ల దగ్గర పెట్టే ఎరువు బిళ్లలు) ఖరీదని ఎరువుల దుకాణం నుంచి డీఏపీ తెచ్చి మట్టి ఉండల్లో పెట్టి పాతేస్తారు. సక్కర్ ఒక్కసారి తవ్విందంటే అమోనియం మొత్తం నీళ్లలోకి వస్తుంది. ఇంత హఠాత్తుగా 4 చూపించే కారణాల్లో నేను ఎక్కువగా చూసింది అదే.

హన్మకొండ ట్యాంక్:

మొక్కలు లేవన్నా, చెక్కకు కట్టిన అనూబియాస్ ఒక్కటే. ఎరువులేం వేయలేదు. క్యాన్ నీళ్లు ఇప్పుడే టెస్ట్ చేశా, నిమ్మపండు పసుపే, సున్నా. అంటే కిట్ మంచిదే.

జగిత్యాల కెమిస్ట్రీ:

తమ్ముడూ, బోరు నీళ్లు ఇంకా పోయలేదు కదా? పోయకు. ముందు ట్యాంక్ పీహెచ్ (నీళ్లు ఆమ్లమా, క్షారమా అని చెప్పే అంకె) ఎంతుందో చెప్పు. పోస్టంతా చదివాను, అమోనియా ఉంది, నైట్రైట్ ఉంది, నైట్రేట్ ఉంది, పీహెచ్ మాత్రం ఎక్కడా లేదు. అది లేకుండా 4 అంటే ఎంత ప్రమాదమో ఎవరూ చెప్పలేరు.

మూడు చూడు. ట్యాంక్ పీహెచ్, ట్యాంక్ కేహెచ్ (నీళ్లలో కార్బొనేట్లు ఎన్ని ఉన్నాయో చెప్పే కొలత), తర్వాత ఈ రెండూ బోరు నీళ్లకు. బోరు నీళ్లను మోటారు వేసిన వెంటనే కాకుండా బకెట్‌లో పట్టి, ఎయిర్ స్టోన్ వేసి తెల్లారి చూడు. భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, అందుకని పీహెచ్ తక్కువ చూపిస్తుంది. గాలి తగిలి అది పోయాక అసలు రూపం బయటపడుతుంది.

కాజీపేట గప్పీ:

అక్కా, ఒక రోజు ఆగితే ఆ 4 కాస్తా 6 అవుతుంది కదా. టెస్టులు చేసుకుంటూ కూర్చునే లోపు చేపలు పోతే?

జగిత్యాల కెమిస్ట్రీ:

మేత ఆపేస్తే ఒక్క రాత్రిలో అంత పెరగదు. చేపలు పైకొచ్చి ఊపిరి తీసుకోవడం లేదు, మేత తింటున్నాయి. నిజంగా విషమయ్యే అమోనియా 4 ఉంటే ఈ పోస్టు పెట్టే టైము కూడా ఉండేది కాదు. చేపలే సగం జవాబు చెప్తున్నాయి.

హన్మకొండ ట్యాంక్:

అక్కా, చూశా. ట్యాంక్ పీహెచ్ 6.0, కార్డు మీద అన్నిటికన్నా కింది పసుపు గడి. కేహెచ్ టెస్టులో మొదటి చుక్కకు నీలం రంగు రావాలని రాశారు, నాకు మొదటి చుక్కకే నేరుగా పసుపు వచ్చేసింది. బోరు నీళ్లు నల్లా దగ్గర పట్టినప్పుడు 7.4, తెల్లారి బకెట్‌లో హై రేంజ్ (ఎక్కువ పీహెచ్ కొలిచే) సీసాతో చూస్తే 8.2. బోరు కేహెచ్ 14 చుక్కలు, అంటే 14 డిగ్రీలు. నీళ్ల వేడి 28 డిగ్రీలు. ఇప్పుడేం చేయాలి?

జగిత్యాల కెమిస్ట్రీ:

అనుకున్నంతా అయ్యింది. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపికగా చదువు.

కిట్ చూపించే 4 పీపీఎం అంటే మొత్తం అమోనియా. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమోనియా, మొప్పల్లోంచి నేరుగా ఒంట్లోకి వెళ్లి కాల్చేది. రెండోది అమోనియం, దానికి విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా లోపలికి పోదు, చాలా తక్కువ హాని. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేది పీహెచ్, ఆ తర్వాత వేడి. నీ ట్యాంకులో పీహెచ్ 6, వేడి 28 డిగ్రీలు, ఈ లెక్కన అసలు విషం 0.1 శాతం కూడా లేదు, నీ 4 పీపీఎంలో దాని వాటా 0.003 దగ్గర. మామూలుగా 0.02 దాటకూడదు అంటారు. అందుకే చేపలు బతికున్నాయి. నీ పీహెచ్ అంతకన్నా తక్కువే అయ్యుండొచ్చు కూడా, ఎందుకంటే ఆ కార్డు 6.0 కన్నా కిందికి చూపించలేదు, 5.5 ఉన్నా అదే పసుపు.

ఇప్పుడు నువ్వు 60 శాతం నీళ్లు తీసి బోరు నీళ్లు పోశావనుకో. మొత్తం అమోనియా 4 నుంచి 1.6కు పడిపోతుంది, కిట్ చూసి సంతోషపడతావు. కానీ కేహెచ్ 14 ఉన్న నీళ్లు అంత పోస్తే పీహెచ్ 8 దగ్గరికి ఎక్కుతుంది. 8 దగ్గర, 28 డిగ్రీల్లో, మొత్తంలో ఆరేడు శాతం విషపు రూపంలోకి మారుతుంది. అంటే 0.1 పీపీఎం పైచిలుకు. నీళ్లు మార్చినందుకు విషం ముప్పై రెట్లకు పైగా పెరుగుతుందన్నమాట, అదీ గంటలోపే. దాంతో పాటు పీహెచ్ ఒక్కసారిగా రెండు పాయింట్లు ఎగబాకిన షాక్ వేరే. "నీళ్లు మార్చాను, తెల్లారేసరికి ఏంజెల్స్ అన్నీ తేలాయి, నీళ్లలో మందు కలిసిందేమో" అని రాసేవాళ్లలో చాలా మందిది ఇదే కథ.

అసలు ఇలా ఎందుకయ్యింది? బ్యాక్టీరియా అమోనియాను నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లాన్ని నీళ్లలోని కార్బొనేట్లు మింగేస్తాయి. ఒక మిల్లీగ్రాము అమోనియా నైట్రోజన్ మారడానికి దాదాపు 7 మిల్లీగ్రాముల క్షారత ఖర్చవుతుంది. కేహెచ్ అంటే ఆ నిల్వే, బ్యాంకులో డబ్బు లాంటిది. నువ్వు వారం వారం విత్‌డ్రా చేస్తున్నావు, డిపాజిట్ లేదు, ఎందుకంటే ఆర్వో ప్లాంట్ నీళ్లలో కార్బొనేట్లు దాదాపు ఉండవు. నిల్వ సున్నాకు వచ్చాక పీహెచ్ జారింది. 6 దగ్గరికి వచ్చేసరికి బ్యాక్టీరియా పని దాదాపు ఆపేసింది, చావలేదు, నీరసించింది. అప్పటి నుంచి చేపలు వదిలే అమోనియా వదిలినట్టే పేరుకుంటోంది. నైట్రేట్ 80 ఉందంటే ఒకప్పుడు సైకిల్ బాగానే నడిచిందని సాక్ష్యం. మీ ఫిల్టర్‌లో తప్పేం లేదు, నీళ్లలోనే పస లేదు. గప్పీ తమ్ముడు "క్యాన్ నీళ్లలో సత్తువ ఉండదు" అన్న మాట ఒప్పే, చెప్పిన మందే తప్పు.

ఇక చేయాల్సింది. ముందు అమోనియాను దించాలి, పీహెచ్‌ను కదపకుండా. అందుకు పనికొచ్చేది ఆ క్యాన్ నీళ్లే. మేత పూర్తిగా ఆపి రోజుకు రెండు క్యాన్లు మార్చు, 40 లీటర్లంటే ముప్పై శాతం. 4 కాస్తా 2.8, 2, 1.4 అలా దిగుతుంది. రెండంతస్తులు మోయడం కష్టమే, ప్లాంట్ వాళ్ల ఆటో కుర్రాడికి పది రూపాయలు ఎక్కువిచ్చినా సరే ఈ కొద్ది రోజులు తప్పదు. మొత్తం 1 కన్నా కిందికి వచ్చాక అప్పుడు బోరు నీళ్లు మొదలుపెట్టు, రోజుకు ఒక బకెట్, అదీ గుమ్మరించకుండా సన్న ఎయిర్ పైపుతో చుక్కలు చుక్కలుగా. ప్రతిరోజూ బకెట్ పోసే ముందు అమోనియా, పీహెచ్ రెండూ చూడు. పీహెచ్ రోజుకు 0.3 కన్నా ఎక్కువ ఎక్కితే మర్నాడు ఆపు. కేహెచ్ 3, 4కు వచ్చేసరికి బ్యాక్టీరియా లేచి కూర్చుంటుంది, అమోనియా దానంతటదే సున్నాకు పోతుంది.

సింగరేణి సిక్లిడ్:

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్, నాది గోదావరిఖని, ఇక్కడ కూడా ఆర్వో నీళ్ల ట్యాంకుల్లో ఈ వ్యవహారం చూశాను. రెండు మాటలు కలుపుతా.

ఎవరన్నా షాపతను జియోలైట్ రాళ్లు పెట్టమంటాడు, పెట్టొచ్చు, అది అమోనియంను పట్టుకుంటుంది. కానీ అదే టైములో "చేపలకు మంచిది" అని రాళ్ల ఉప్పు వేయొద్దు. ఉప్పులోని సోడియం జియోలైట్‌లోకి దూరి, పట్టుకున్న అమోనియం మొత్తాన్ని మళ్లీ నీళ్లలోకి తోసేస్తుంది. జియోలైట్‌ను తిరిగి వాడుకోవడానికి ఉప్పునీళ్లలో నానబెట్టేది అందుకే. ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పోసినట్టవుతుంది. అదీగాక సక్కర్‌కు ఉప్పు పెద్దగా పడదు.

క్లోరిన్ తీసే ప్రైమ్ లాంటి మందుల గురించి కూడా అడుగుతారు. అమోనియాను 48 గంటల వరకు హాని చేయకుండా కడుతుందని కంపెనీ చెప్తుంది, అది నిజంగా ఎంత కడుతుందనే దాని మీద హాబీలో పెద్ద గొడవే ఉంది. నా లెక్కలో అది క్లోరిన్ తీయడానికి మంచి మందు, అమోనియాకు దాన్నే నమ్ముకుని నీళ్లు మార్చకుండా కూర్చోవద్దు. వేసినా కిట్ మాత్రం అదే 4 చూపిస్తుంది, పని చేయలేదని మళ్లీ మళ్లీ పోయకండి.

కరీంనగర్ ప్లాంటెడ్:

బోరుకు బదులు నల్లా నీళ్లు వాడితే ఎలా? హన్మకొండకు ధర్మసాగర్, వడ్డేపల్లి వైపు నుంచి వచ్చేది చెరువు నీళ్లే కదా, బోరంత గట్టిగా ఉండవు. పీహెచ్ మెల్లగా ఎక్కించడానికి అవే నయమేమో.

సింగరేణి సిక్లిడ్:

వాడొచ్చు, కేహెచ్ చూసుకుని. వానాకాలంలో మాత్రం జాగ్రత్త అన్నా, బురద నీళ్లు వస్తున్నప్పుడు క్లోరిన్ ఎక్కువ కలుపుతారు, నల్లా తిప్పగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంటుంది. రాత్రంతా బకెట్‌లో పెడితే మామూలు క్లోరిన్ పోతుంది. కానీ వచ్చిన నీళ్లలోనే కొంచెం అమోనియా ఉంటే క్లోరిన్ దానితో కలిసి క్లోరమిన్ అవుతుంది, అది రాత్రికి రాత్రి పోదు. యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తే క్లోరిన్ ముక్క విడిపోతుంది, అమోనియా ముక్క మిగిలిపోతుంది. అందుకని నల్లా నీళ్లను యాంటీ క్లోరిన్ వేశాక ఒకసారి అమోనియా టెస్ట్ చేసి, అప్పుడే ట్యాంకులో పోయాలి. ఈ పరిస్థితిలో ఉన్న ట్యాంకుకు ఇంకో 0.5 అమోనియా బయటి నుంచి తేవడం దేనికి.

కాజీపేట గప్పీ:

సరే అక్కా, లెక్క అర్థమైంది. కానీ ఒక డౌట్. మావాడొకడు ఇట్లాంటి ట్యాంకుకే వంట సోడా వేసి పీహెచ్ సెట్ చేశాడు, వాడి చేపలకేం కాలేదు. అది ఇంకా సులువు కదా, బకెట్లు మోసే పనే లేదు.

జగిత్యాల కెమిస్ట్రీ:

వాడి ట్యాంకులో అప్పుడు అమోనియా ఎంతుందో అడుగు. సున్నా ఉంటే సోడా వేసినా ఏం కాదు. 4 ఉన్నప్పుడు సోడా వేయడమంటే బోరు నీళ్లు పోసినట్టే, ఇంకా వేగంగా. 50 లీటర్లకు ఒక టీస్పూన్ వేస్తేనే కేహెచ్ దాదాపు 4 డిగ్రీలు పెరుగుతుంది. అమోనియా దిగాక, బోరు నీళ్లు దొరకని చోట, పావు స్పూన్ చొప్పున కరిగించి పోసుకోవచ్చు. ఈ తమ్ముడికి బోరు ఉంది కాబట్టి ఆ అవసరం లేదు.

హన్మకొండ ట్యాంక్:

అక్కా, అన్నా, క్యాన్లతోనే మొదలుపెట్టా. రెండోసారి మార్చాక 2 గడికి దగ్గరగా ఉంది, పీహెచ్ అదే కింది పసుపు. ఏంజెల్స్ మేత కోసం గ్లాసు దగ్గరికి వచ్చి చూస్తున్నాయి, చూస్తుంటే జాలేస్తోంది గానీ వేయడం లేదు. ఇదంతా సర్దుకున్నాక రోజువారీగా ఏ నీళ్లు వాడాలి? పూర్తిగా బోరుకు మారిపోతే మళ్లీ తెల్ల చారలు, ఏంజెల్స్‌కు అంత గట్టి నీళ్లు పడతాయా అని కూడా భయం. వాటర్ ప్లాంటతను మా నీళ్ల టీడీఎస్ 60 ఉంటుంది, ఆ మాత్రం చాలు అంటున్నాడు.

జగిత్యాల కెమిస్ట్రీ:

టీడీఎస్ మీటరు కరిగిన లవణాలన్నీ కలిపి చెప్తుంది, అందులో కార్బొనేట్ ఎంతో చెప్పదు. 60 ఉన్నా కేహెచ్ ఒకటి ఉండొచ్చు, సున్నా ఉండొచ్చు. క్యాన్ నీళ్లకు కూడా ఒకసారి కేహెచ్ చుక్కలు వేసి చూడు, తెలిసిపోతుంది.

పూర్తిగా బోరు అక్కర్లేదు. బోరు 14, క్యాన్ సున్నా అనుకుంటే మూడు పాళ్లు బోరు, ఏడు పాళ్లు క్యాన్ కలిపితే 4 చిల్లర వస్తుంది. నీ వారపు 40 లీటర్లలో 12 లీటర్లు బోరు, మిగతాది క్యాన్. ఏంజెల్స్, సెర్పేలు ఆ నీళ్లలో హాయిగా ఉంటాయి, చారలు కూడా పెద్దగా కట్టవు. ఎండాకాలంలో బోరు ఇంకా గట్టిపడుతుంది కాబట్టి మార్చి, ఏప్రిల్‌లో ఒకసారి మళ్లీ చుక్కలు లెక్కపెట్టి పాళ్లు మార్చుకో.

సింగరేణి సిక్లిడ్:

ఇంకొకటి తమ్మీ, ఆ సక్కర్ సంగతి ఆలోచించు. జానెడు అంటున్నావు, అది అడుగు దాటుతుంది, ఇప్పటికే నీ ట్యాంకులో సగం రెట్ట దానిదే అయ్యుంటుంది. ఎవరికన్నా పెద్ద ట్యాంక్ ఉంటే ఇచ్చెయ్, చెరువులో మాత్రం వదలకు, గోదావరి పాయల్లో ఇప్పటికే అవి వలలు చింపుతున్నాయని చేపలు పట్టేవాళ్లు తిడుతున్నారు.

హన్మకొండ ట్యాంక్:

ఇస్తానన్నా. వరంగల్, కాజీపేట వైపు నాలుగైదు అడుగుల ట్యాంక్ ఉన్నవాళ్లెవరన్నా ఉంటే మెసేజ్ పెట్టండి, ఉచితంగానే ఇస్తా, బకెట్ మీరే తెచ్చుకోవాలి. ఒక్క విషయం, నా నీళ్లు ఇప్పుడు పీహెచ్ 6, తీసుకెళ్లేవాళ్లు వెంటనే మీ ట్యాంకులో వేయకుండా ఎయిర్ పైపుతో మెల్లగా మీ నీళ్లు కలిపి వదలండి. అసలైతే ఇక్కడ పీహెచ్ 7కు వచ్చాకే ఇవ్వడం మంచిదేమో, అక్కా?

జగిత్యాల కెమిస్ట్రీ:

అవును, ఆగు. అమోనియా సున్నా, పీహెచ్ 7 వచ్చి వారం నిలబడ్డాకే ఇవ్వు. ఇప్పుడే ఇస్తే ఆ బకెట్‌లో నీ ట్యాంక్ నీళ్లే ఉంటాయి కదా, ఎక్కువ పీహెచ్ ఉన్న నీళ్లు కలిపేసరికి అందులోని అమోనియానే సక్కర్‌ను చంపుతుంది.